మీటరుకు సీలు వేసేవారికి బహిరంగ లేఖ

రవాణా శాఖల్లో, నగర పాలక సంస్థల్లో కూర్చుని కిరాయి బండ్లకు నియమాలు రాసే అధికారులకు,

నమస్కారం.

నేను ట్యాక్సీ నడపను. యాప్ కంపెనీలో పనిచెయ్యను. సొంత కారు లేని మామూలు ప్రయాణికుణ్ణి. స్టాండులో ఉన్న బండీ ఎక్కుతాను, ఫోనులో పిలిచిన బండీ ఎక్కుతాను. దారిలో ఇద్దరు డ్రైవర్ల మాటలూ వింటాను. యాపులవాళ్లు వచ్చి మా పొట్ట కొట్టారని ఒకాయన అంటాడు. యాపే నా పొట్ట కొడుతోందని రెండో ఆయన అంటాడు. కోపం ఇద్దరికీ ఉంది. మీరు మాత్రం ఒకరి ధర్నాకు ఒక సర్క్యులర్, ఇంకొకరి కోర్టు కేసుకు ఇంకో సర్క్యులర్ తీసి, గొడవ వాళ్లిద్దరి మధ్యే అన్నట్టు పక్కన నిలబడుతున్నారు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

మీరు ఏ దేశంలో ఉన్నా, ఏళ్ల తరబడి మీ ఫైళ్లలో తిరుగుతున్న ప్రశ్న ఒకటే. యాప్ కంపెనీ రవాణా సంస్థా, సాఫ్ట్‌వేర్ సంస్థా? దీనికి జవాబు ఎప్పుడో వచ్చేసింది. బార్సిలోనా ట్యాక్సీవాళ్ల సంఘం వేసిన కేసులో ఉబర్ చేసేది రవాణా రంగంలోని సేవేనని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2017 డిసెంబరులో తేల్చింది. భారతదేశం 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, అగ్రిగేటర్ (ప్రయాణికుణ్ణీ డ్రైవరునూ కలిపే కంపెనీ) అన్న మాటను చట్టంలోకి తెచ్చి, లైసెన్సు తీసుకోవాల్సిందేనంది. అయినా వాదన ఆగలేదు. పేరు తేలింది గానీ డబ్బు సంగతి తేలలేదు మరి. నేను అడిగేది డబ్బు సంగతే. ఆ బండిలో మీటరు ఎక్కడుంది? దానికి సీలు ఎవరు వేశారు?

మీటరుకు సీలు ఎందుకు వేస్తారో మీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెప్పక తప్పడం లేదు. రోడ్డు మీద చెయ్యెత్తి బండి ఆపినవాడికి బేరమాడే తీరిక ఉండదు. వానలోనో, అర్ధరాత్రో, ఆసుపత్రి గేటు ముందో నిలబడితే వచ్చిన బండే దిక్కు. వెనక వచ్చే బండి ఎంత అడుగుతుందో తెలీదు, కొత్త ఊరైతే దూరమెంతో కూడా తెలీదు. అందుకని రేటు ప్రభుత్వం నిర్ణయించింది. లెక్కగట్టే యంత్రాన్ని తనిఖీ చేసి సీలు వేసింది. సీలు తెంపితే జరిమానా.

ఈ తతంగమంతా దేనికని 1979లో అమెరికాలోని సియాటిల్, శాన్ డియెగో నగరాలు రేట్లను వదిలేశాయి. పోటీ పెరిగితే ఛార్జీలు దిగుతాయనుకున్నారు. కానీ విమానాశ్రయం బయట వరసలో నిలబడ్డ బండ్ల మధ్య పోటీ ఏముంటుంది? ముందున్న బండి ఎక్కాల్సిందేగా. అక్కడ ఛార్జీలు పెరిగాయి, ఫిర్యాదులు వచ్చాయి, కొన్నేళ్లకే రెండు నగరాలూ మళ్లీ నియంత్రణ దారి పట్టాయి. స్వీడన్ కూడా 1990లో రేట్లు వదిలేసింది. కానీ అక్కడ పది కిలోమీటర్లు, పదిహేను నిమిషాల ప్రయాణానికి తన బండిలో ఎంతవుతుందో మీటరున్న ప్రతి ట్యాక్సీ బయటికి కనిపించేలా అంటించాలి. రేటు నీ ఇష్టం, దాచడం మాత్రం కుదరదన్నమాట.

యాప్ వచ్చాక ఈ లెక్క కొంత మారింది. బండి రాకముందే రేటు కనిపిస్తోంది. రెండు యాపులు తెరిచి పోల్చుకోవచ్చు. డ్రైవరు పేరు, నంబరు, వెళ్లిన దారి అన్నీ రికార్డులో ఉంటాయి. పాత నియమాలకున్న కారణాల్లో సగం పోయాయని కంపెనీలు అంటే కాదనలేను. వీధిలో ఆపే బండికీ, ముందే రేటు చూసి బుక్ చేసుకునే బండికీ ఒకే రేటు పట్టిక పెట్టాలని నేనూ అడగను. పోయిన సగం కారణాల స్థానంలో కొత్తవి వచ్చాయి. వాటి వైపు మీరు చూడటం లేదన్నదే నా ఫిర్యాదు.

లండన్ సంగతి చూడండి. అక్కడ మీటరు పెట్టుకునే హక్కు నల్ల క్యాబులది, అంటే వీధిలో ఆపి ఎక్కే ట్యాక్సీలది. ముందుగా బుక్ చేసుకునే ప్రైవేటు బండ్లలో మీటరు ఉండకూడదని 1998 నాటి చట్టం. డ్రైవరు ఫోనులో ఉన్న యాప్ మీటరు కాక మరేమిటని ట్యాక్సీవాళ్లు అడిగారు. 2015 అక్టోబరులో హైకోర్టు అది మీటరు కాదంది. ఫోను దారీ సమయం వివరాలు పంపుతోందే గానీ లెక్క కట్టడం లేదు, లెక్క కట్టేది ఎక్కడో ఉన్న సర్వర్ అన్నది కారణం. చట్టం అక్షరాల ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు. నాకు మాత్రం అందులో మీ శాఖల పరిస్థితే కనిపిస్తుంది. మీటరు బండి దిగి సర్వర్‌లోకి వెళ్లిపోయింది. ఇన్‌స్పెక్టరు ఇంకా బండి దగ్గరే ఉన్నాడు.

డెన్మార్క్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. మీటరు బండిలోనే ఉండాలి, సీట్లకు సెన్సార్లు ఉండాలి అని 2017లో చట్టం తెచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే ఉబర్ అక్కడ దుకాణం సర్దేసింది. మళ్లీ 2025లో అక్కడి ట్యాక్సీ కంపెనీతో చేతులు కలిపి తిరిగొచ్చింది. ఒకచోట పెట్టె లేదు కాబట్టి మీటరే లేదన్నారు, ఇంకోచోట పెట్టె ఉండి తీరాలన్నారు. సర్వర్‌లో జరిగే లెక్కను తెరిచి చూడాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

ఆ లెక్కలో ఏముందో చూద్దాం. పాత మీటరు ఇద్దరికీ ఒకే అంకె చూపించేది. నేను ఇచ్చేదీ, డ్రైవరు పుచ్చుకునేదీ అదే. యజమానికి అద్దె కట్టినా, కంపెనీకి కమీషన్ ఇచ్చినా అది తర్వాతి మాట. ఇప్పుడు నా ఫోనులో ఒక అంకె, అతని ఫోనులో ఇంకో అంకె. మొదట్లో ఛార్జీలో ఇంత శాతం కమీషన్ అని ఉండేది, ఇష్టమున్నా లేకున్నా లెక్క అర్థమయ్యేది. తర్వాత చాలాచోట్ల కంపెనీలు ఆ ముడి తీసేశాయి. ప్రయాణికుడు ఎంత ఇవ్వగలడో ఒక అంచనా, డ్రైవరు ఎంతకు ఒప్పుకుంటాడో ఇంకో అంచనా, మధ్యలో మిగిలింది కంపెనీది. ఆ మధ్యది ఒక ట్రిప్పులో తక్కువ ఉండొచ్చు, ఇంకో ట్రిప్పులో సగం దాకా పోవచ్చు. బండిలో కూర్చున్న మా ఇద్దరిలో ఎవరికీ తెలీదు. నేను ఇచ్చింది ఎక్కువని అతనికి తెలీదు, అతనికి దక్కింది తక్కువని నాకు తెలీదు. దిగేటప్పుడు ఇద్దరం ఒకరి మీద ఒకరం అనుమానంతోనే విడిపోతాం.

పోనీ, డ్రైవరు స్వతంత్ర వ్యాపారి, అతని రేటు అతనిష్టం అందామా? ఆ మాట నిలబడదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో చెప్పింది. ఛార్జీ నిర్ణయించేది ఉబర్, షరతులు రాసేది ఉబర్, ట్రిప్పులు ఎక్కువగా వద్దంటే శిక్షించేది ఉబర్, రేటింగ్ పేరుతో కనిపెట్టుకుని ఉండేది ఉబర్, ప్రయాణికుడితో నేరుగా సంబంధం పెరగకుండా చూసేది కూడా ఉబరే. కాబట్టి వాళ్లు కనీస వేతనం, జీతంతో సెలవు పొందే హక్కున్న కార్మికులే అంది. కాలిఫోర్నియాలో ఇదే ప్రశ్న ఓటింగుకు వెళ్లింది. కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టిన ప్రచారం తర్వాత, 2020 నవంబరులో డ్రైవర్లను స్వతంత్ర కాంట్రాక్టర్లుగానే ఉంచే ప్రతిపాదన గెలిచింది. ఒకే పని, ఒకే యాప్, రెండు చోట్ల రెండు హోదాలు. ఈ హోదా తగువు తేలేదాకా మీటరు సంగతి ఆపనక్కర్లేదని నా మనవి. కార్మికుడైనా, వ్యాపారైనా తన ట్రిప్పుకు ప్రయాణికుడు ఎంతిచ్చాడో తెలుసుకునే హక్కు ఉండాలి కదా.

సర్జ్ గురించి కూడా ఒక మాట. పండగ రాత్రి, వాన సాయంత్రం రేటు పెంచితే తిట్టుకోని ప్రయాణికుడు ఉండడు. నేనూ తిట్టుకుంటాను. కానీ రేటు పెరిగినప్పుడే ఇంటికి పోయే డ్రైవరు ఇంకో ట్రిప్పుకు ఆగుతాడన్నది కూడా నిజం. అందుకే సర్జ్‌ను నిషేధించమని అడగను. భారత కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూల ఛార్జీకి రెండింతల దాకా పెంచుకోవచ్చని, సగానికన్నా తగ్గించకూడదని, సొంత బండి ఉన్న డ్రైవరుకు ఛార్జీలో కనీసం 80 శాతం ఇవ్వాలని రాసింది. హద్దు పెట్టడం మంచిదే. అయితే మూల ఛార్జీ నిర్ణయించేది ఎవరు, ఎన్నేళ్లకోసారి సవరిస్తారు? ఇంధనం ధర పెరిగినా మూల ఛార్జీ కదలకపోతే ఎంత పెద్ద హద్దు రాసినా డ్రైవరుకు ఒరిగేది ఉండదు. 80 శాతం అందిందో లేదో చూసేదెవరన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. దానికి మళ్లీ సర్వర్ తెరవాల్సిందే.

తెరవడం కుదరదని చెప్పకండి. న్యూయార్క్ కొంతవరకు తెరిచింది. అక్కడి ట్యాక్సీ కమిషన్ పెద్ద యాప్ కంపెనీల నుంచి ప్రతి ట్రిప్పు వివరం తీసుకుంటుంది, పేర్లు లేకుండా ఆ రికార్డులను జనానికి అందుబాటులో పెడుతుంది. ప్రయాణికుడి మూల ఛార్జీ ఒక గడిలో, డ్రైవరుకు ముట్టింది ఇంకో గడిలో ఉంటాయి. ఆసక్తి ఉన్న ఎవరైనా దించుకుని కూడికలు చేసుకోవచ్చు. ఈ లెక్కలు చేతిలో ఉండబట్టే 2018 ఆగస్టులో కొత్త బండ్ల సంఖ్యకు ఆ నగరం అడ్డుకట్ట వెయ్యగలిగింది. 2019 ఫిబ్రవరి నుంచి ట్రిప్పుకు కనీస చెల్లింపు పెట్టగలిగింది. ఆ సూత్రంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. యాప్ ఆన్ చేసుకుని గిరాకీ కోసం ఎదురుచూసే సమయాన్ని కూడా అది లెక్కలోకి తెచ్చింది. బండ్లు ఖాళీగా తిరిగే సమయం పెరిగితే ట్రిప్పుకు ఇవ్వాల్సిన కనీసం కూడా పెరుగుతుంది. కాబట్టి రోడ్డు మీద ఇష్టమొచ్చినన్ని బండ్లు నింపితే ఆ భారం కంపెనీ మీద పడుతుంది. అంతవరకు అది డ్రైవరు నెత్తిన, ట్రాఫిక్ రూపంలో ఊరి నెత్తిన ఉండేది.

దానికీ కంపెనీలు ఒక కిటుకు కనిపెట్టాయి. 2024లో గిరాకీ లేని వేళల్లో డ్రైవర్లను యాప్‌లోకి రానివ్వకుండా తాళం వేశాయి. ఎదురుచూసే సమయం కాగితం మీద తగ్గింది. డ్రైవరు మాత్రం అదే రోడ్డు పక్కన, అదే కారులో కూర్చుని, లాగిన్ ఎప్పుడవుతుందా అని ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. ఒక్కసారి నియమం రాసి ఫైలు మూస్తే చాలదని దీంతోనే తెలుస్తోంది. మీటరుకు ప్రతి ఏటా ఎందుకు తనిఖీ పెట్టారు మరి?

తనిఖీ కూడా బయటినుంచి, చెప్పాపెట్టకుండా జరగాలి. ఉబర్ గ్రేబాల్ అన్న సాధనం వాడిందని 2017 మార్చిలో బయటపడింది. తమను పట్టుకోవడానికి వచ్చే అధికారులను గుర్తించి, వాళ్ల ఫోన్లలో లేని బండ్లను చూపించి, బుకింగ్ దొరక్కుండా చేసే ఏర్పాటు అది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో అధికారులు అలాగే బోల్తాపడ్డారు. అధికారికి ఒక తెర, జనానికి ఇంకో తెర చూపించగలిగినవాళ్లను మీ లెక్కలు మీరే రాసి పంపండి అని అడిగి ఊరుకుంటే, వచ్చేది వాళ్లు పంపాలనుకున్న లెక్కే.

ఇక ట్యాక్సీవాళ్ల సంగతి. ఇక్కడ మీరు జవాబు చెప్పాల్సిన విషయం ఇంకొకటుంది. దీని గురించి మీ ముసాయిదాల్లో ఒక్క పేరా కూడా కనిపించదు.

బండ్ల సంఖ్యకు పరిమితి పెట్టింది మీరు. పరిమితి పెట్టాక పర్మిట్‌కు ధర పుట్టింది. న్యూయార్క్‌లో 1937 చట్టంతో ట్యాక్సీ మెడాలియన్ల (పర్మిట్ గుర్తుగా బండికి బిగించే రేకుల) సంఖ్యకు హద్దు పెట్టేశారు. ఆ చిన్న రేకు ముక్క ధర 2014 నాటికి పది లక్షల డాలర్లు దాటింది. ఎక్కడో బ్లాకులో అమ్ముడుపోయినవి మాత్రమే కావు ఇవి, నగరమే వేలం వేసి డబ్బు చేసుకుంది. వలస వచ్చిన డ్రైవర్లు జీవితాంతం తీర్చినా తీరని అప్పులు చేసి కొనుక్కున్నారు. తర్వాత అదే నగరం యాప్ బండ్లను వేలకు వేలుగా రానిచ్చింది. 2018 వచ్చేసరికి మెడాలియన్ ధర రెండు లక్షల డాలర్ల కిందికి పడిపోయింది. ఆ ఏడాది కొందరు డ్రైవర్లు ప్రాణాలు తీసుకున్నారు, వాళ్లలో మెడాలియన్ అప్పులున్నవారూ ఉన్నారు. 2021లో డ్రైవర్లు సిటీ హాల్ (నగర పాలక భవనం) ముందు నిరాహార దీక్ష చేశాకే, నవంబరులో ఒప్పందం కుదిరింది. అప్పును రెండు లక్షల డాలర్లకు తగ్గించి, అందులో 30,000 గ్రాంటుగా ఇచ్చి, మిగతా 1,70,000కు నగరం హామీగా నిలబడింది. మూడేళ్ల ముందే ఆ పని చేసి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో!

పోటీ వచ్చాక వ్యాపారంలో నష్టం మామూలేనని కొందరు ఆర్థికవేత్తలు తేలిగ్గా అనేస్తారు. హోటలు పెట్టినవాడికి పక్కన ఇంకో హోటలు రాదని ప్రభుత్వం మాటిచ్చి డబ్బు తీసుకోలేదు. ట్యాక్సీవాడి దగ్గర తీసుకుంది. తేడా అక్కడే ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఈ బాధ్యతను ఒప్పుకుని 2018 నుంచి ట్యాక్సీ ట్రిప్పుకూ, యాప్ ట్రిప్పుకూ కలిపి ఒక్కో డాలరు లెవీ (పన్ను) వేసి పాత లైసెన్సుదారులకు సాయం చేసింది. ఆ సాయం చాలలేదని వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు, అది వేరే సంగతి. లాభపడిన ప్రయాణికుడి దగ్గర కాస్త తీసుకుని, నష్టపోయినవాడికి ఇవ్వడం నాకు న్యాయంగానే తోస్తుంది. ఆ డాలరు నా జేబులోంచి పోయినా సరే.

అలాగని ట్యాక్సీ సంఘాలు అడిగే ప్రతిదానికీ తలూపమనడం లేదు. దగ్గరి దూరమని ఎక్కించుకోకపోవడం, మీటరు పాడైందనడం, ఊరు తెలియనివాణ్ణి ఊరంతా తిప్పడం... యాపులకు జనం ఎగబడటానికి ఇవి కూడా కారణమే. కొత్తదాన్ని పూర్తిగా ఆపెయ్యమనడం కూడా కొత్తేమీ కాదు. గుర్రపు బగ్గీలు మా పొట్ట కొడుతున్నాయని 17వ శతాబ్దంలోనే లండన్ పడవవాళ్లు మొరపెట్టుకున్నారు. 1914, 15లలో అమెరికాలో సొంత కారున్నవాళ్లు ట్రాము దారుల్లో ఐదు సెంట్లకు జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. ట్రాము కంపెనీలు గోలపెడితే నగరాలు లైసెన్సులు, పూచీకత్తు బాండ్లు అంటూ కొద్ది ఏళ్లలోనే వాళ్లను దాదాపు కనబడకుండా చేశాయి. అప్పుడు ట్రాముల పక్షాన నిలబడ్డ మీ శాఖలే ఇప్పుడు కొన్నిచోట్ల యాపుల పక్షాన నిలబడుతున్నాయి. ఎవరు పెద్ద లాయర్లను తెచ్చుకుంటే వాళ్ల పక్షం అన్న అనుమానం జనానికి రాదా?

భద్రత గురించి ఎక్కువ రాయను, అందులో తగువేమీ లేదు. నేర చరిత్ర తనిఖీ, బండి ఫిట్‌నెస్, బీమా ఇద్దరికీ ఒకటే ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారిని ఎక్కించుకునే బాధ్యత మాత్రం ఒక్క ట్యాక్సీల మీదే పెట్టకండి. లండన్‌లో నల్ల క్యాబు అన్నది చక్రాల కుర్చీ ఎక్కేలా ఉండాల్సిందే, ఆ ఖర్చు ఆ డ్రైవరే భరిస్తున్నాడు. యాప్ కంపెనీ అలాంటి బండ్లు పెట్టనైనా పెట్టాలి, లేదా పెట్టినవాళ్ల నిధికి డబ్బైనా కట్టాలి.

ఐడీ బ్లాక్ చేసే విషయం వదిలేయలేను. ట్యాక్సీ లైసెన్సు రద్దు చెయ్యాలంటే మీరు నోటీసు ఇస్తారు, సంజాయిషీ అడుగుతారు, పైన అప్పీలు ఉంటుంది. యాప్ డ్రైవరుకు పొద్దున లేచేసరికి లాగిన్ అవ్వదు, అంతే. ఎందుకో చెప్పే మనిషి ఉండడు. బండి ఈఎంఐ తేదీ మాత్రం ఆగదు. ఆమ్‌స్టర్‌డామ్ అప్పీలు కోర్టు 2023 ఏప్రిల్‌లో ఉబర్, ఓలా కంపెనీలు ఇలాంటి నిర్ణయాల వెనకున్న సమాచారం డ్రైవర్లకు ఇవ్వాలంది. యూరోపియన్ యూనియన్ 2024 ఆదేశం ఇంకో అడుగు ముందుకేసి, ఖాతా మూసెయ్యడం లాంటి నిర్ణయం యంత్రం ఒక్కటే తీసుకోకూడదంది. సభ్య దేశాలు 2026 డిసెంబరు లోపు దాన్ని తమ చట్టాల్లోకి తేవాలి. మిగతావాళ్లు అప్పటిదాకా ఆగక్కర్లేదు.

ఇప్పుడు నేను కోరేది రాస్తాను. ట్రిప్పు ముగిశాక నాకూ డ్రైవరుకూ ఒకే రసీదు రావాలి. నేను ఇచ్చిందెంత, అతనికి ముట్టిందెంత, కంపెనీ ఉంచుకున్నదెంత, పన్నెంత అన్నీ అందులో ఉండాలి. ఇది రేపే చెయ్యొచ్చు, కొత్త చట్టం రాసేదాకా ఆగాల్సినంత పని కాదు. ఛార్జీ నిర్ణయించే లెక్కను మార్చినప్పుడల్లా కంపెనీ మీకు ముందుగా తెలపాలి. మీ దగ్గర ఆ లెక్కను చదవగలిగే ఇద్దరు ముగ్గురు మనుషులైనా ఉండాలి. మీటరు ఇన్‌స్పెక్టరు పోస్టు ఖాళీ అయినప్పుడు ఈసారి అలాంటివాళ్లను తీసుకోండి. ఒకే సమయంలో, ఒకేచోట నుంచి, ఒకే దూరానికి వేర్వేరు ఫోన్లలో బుక్ చేసి చూస్తే చాలా తెలుస్తుంది. పర్మిట్లు అమ్ముకున్న ప్రతి ప్రభుత్వం ఎవరి దగ్గర ఎంత తీసుకుందో ముసాయిదాతో పాటే పట్టిక పెట్టాలి.

చివరగా, ముసాయిదా మీద అభ్యంతరాలు వినే సమావేశం సంగతి. పగలు పదకొండింటికి, మీ ఆఫీసు మూడో అంతస్తులో పెడతారు. కంపెనీ లాయర్లు వస్తారు, సంఘం నాయకులు వస్తారు. బండి నడిపేవాడు రాడు, వస్తే ఆ పూట కిరాయి పోతుంది. ఒక్క సమావేశమైనా రాత్రి పదిన్నర తర్వాత, బండ్లు ఆపుకునే చోటున్న స్టాండు దగ్గరో, విమానాశ్రయం పార్కింగ్‌లోనో పెట్టండి. ముసాయిదాను వారం ముందే, వాళ్లు చదివే భాషలో, వాళ్ల ఫోన్లకు పంపండి. రెండు రకాల డ్రైవర్లనూ ఒకే వరసలో కూర్చోబెట్టి వినండి.

ఇట్లు,
ఒక ప్రయాణికుడు